నా ‘కామిక్ హిస్టరీ ఆఫ్ ఇంగ్లండ్’ తోలు పొడిగా రాలుతోంది, కొత్త తోలు వేయించాలా?

నీలిసిరా
మూడేళ్లుగా వెతుకుతున్న పుస్తకం చివరికి చేతికి వచ్చింది. గిల్బర్ట్ అబట్ ఎ బెకెట్ ఇంగ్లండు చరిత్రను హాస్యంగా చెబుతూ రాసిన ‘కామిక్ హిస్టరీ ఆఫ్ ఇంగ్లండ్’, రెండు సంపుటాలు, జాన్ లీచ్ బొమ్మలు. సగం తోలు బైండింగు. వెన్నూ మూలలూ దూడతోలు, మిగతా అట్ట మీద మార్బుల్ కాగితం, వెన్ను మీద బంగారు అక్షరాలు. పార్శిల్ విప్పిన రోజు మా ఇంట్లో పండగే.

మర్నాడు తెల్లచొక్కా వేసుకుని ఒళ్లో పెట్టుకుని గంటసేపు చదివాను. లేచి చూసుకుంటే చొక్కా మీద ఇటుకపొడి చల్లినట్టుంది. వేళ్లు కూడా ఎర్రగా అయిపోయాయి. వెన్ను మీద వేలు పెడితే చాలు, పొడి రాలుతోంది. మొదటి సంపుటం పై అట్ట కుట్టు దగ్గర సగం విడిపోయింది కూడా.

మా ఊళ్లో పేరున్న బైండరు దగ్గరికి తీసుకెళ్లాను. ‘ఈ తోలు చచ్చిపోయింది సార్, మొత్తం ఊడదీసి కొత్త తోలు వేస్తాను, కాదంటే రెక్సిన్ వేస్తాను, ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు’ అన్నాడు. మనిషి మంచివాడే, అబద్ధం చెప్పేవాడు కాదు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. పాత తోలు తీసేస్తే ఇక అది ఆ పుస్తకమేనా? తీయకపోతే నా కళ్ల ముందే పొడైపోతుందా? తెలిసినవారు చెప్పండి.

కోఠి సందు
రెక్సిన్ మాత్రం వద్దు. దండం పెడతాను.

రేకుపెట్టె
రెక్సిన్ అన్నాక ఇక ఆ బైండరు దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

బైండరుగారి మనవడు
ఆ బైండరును తిట్టకండి. మా తాతగారు నలభై ఏళ్లు ఇదే పని చేశారు, ఆయనా అదే మాట అనేవారు. స్కూలు రిజిస్టర్లకూ కోర్టు దస్తావేజులకూ బైండింగు చేసేవాడికి పుస్తకం నిలబడటమే ముఖ్యం. అది తప్పు కాదు, ఇక్కడ పని వేరు.

మీ పుస్తకానికి వచ్చిన జబ్బును ఇంగ్లండులో రెడ్ రాట్ అంటారు. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు గాలిలోని గంధకపు వాయువును పీల్చుకుంటుంది. లోపల ఆమ్లం పుట్టి తోలులోని పోగులను తినేస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు తోళ్లకు ఇది మరీ ఎక్కువ. ఆ కాలంలో లండన్ ఇళ్లలో గ్యాస్ దీపాలు, బయట బొగ్గుపొగ. పైగా తోళ్ల కార్ఖానాలు పని తొందరగా తెమల్చడానికి ఘాటు ఆమ్లాలు వాడడం మొదలుపెట్టాయి. లండన్‌లోని అథీనియం క్లబ్బులో పుస్తకాల తోలు పాడవుతోందంటే 1843లోనే శాస్త్రవేత్త మైకేల్ ఫారడే గ్యాస్ దీపాలను అనుమానించాడు. తర్వాత లండన్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ దీనికోసం ఒక కమిటీ వేసి, 1901లోనూ 1905లోనూ నివేదికలు ఇచ్చింది. అంటే మీ చొక్కా మీద రాలింది లండన్ గ్యాస్ దీపాల పొగ అనుకోండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఆ తోలుకు నీళ్లు తగలనివ్వకండి. మైదా బంక రాసినా, తడిగుడ్డతో తుడిచినా నల్లబడి అట్టలా గట్టిపడుతుంది. ఒకసారి నల్లబడితే మళ్లీ మామూలు రంగు రాదు. మా తాతగారు ఒక పాత బైబిలును అలాగే పోగొట్టారు. చివరిదాకా ఆ మాట చెప్పుకుని బాధపడేవారు.

వేపాకు
ఆవనూనె గానీ కొబ్బరినూనె గానీ పల్చగా రాస్తే మెత్తబడదా? మా నాన్నగారు చెప్పులకు అలాగే చేసేవారు.

బైండరుగారి మనవడు
చెప్పు తోలుకు నూనె మంచిదే, ఈ తోలుకు మాత్రం కాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద మ్యూజియాలే గొర్రె ఉన్ని కొవ్వు, తేనెమైనం, దేవదారు నూనె కలిపి రాసేవి. ఇప్పుడు మానేశాయి. నూనె రాస్తే జబ్బు ఆగదు. పైగా తోలు జిగటగా తయారై దుమ్మంతా అంటుకుంటుంది, రంగు ముదురుతుంది, నూనె లోపలి కాగితం దాకా పాకుతుంది.

ఇప్పుడు వాడేది క్లూసెల్ జి అనే తెల్లటి పొడి. దాన్ని నీళ్లలో కాకుండా ఆల్కహాలులో కరిగించి మెత్తటి కుంచెతో పల్చగా పూస్తారు. ఆల్కహాలు ఎగిరిపోయాక, మిగిలిన క్లూసెల్ తోలు పోగులను పట్టి ఉంచుతుంది. పోయిన బలం తిరిగి రాదు గానీ రాలడం ఆగుతుంది, చేతికి అంటుకోదు. ముందు మూల మీద గోరంత చోట పూసి, ఒక రోజు ఆగి రంగు మారలేదని చూసుకోండి. మారకపోతేనే మిగతాది.

థేమ్స్ ఒడ్డున
నేను ఇక్కడ పాత పుస్తకాల అంగళ్ల చుట్టూ తిరిగి పదహారేళ్లు. ఎ బెకెట్, లీచ్ పుస్తకాలు నా దగ్గర వేర్వేరు బైండింగుల్లో నాలుగు ఉన్నాయి. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. నీలిసిరా గారూ, ఆ తోలు అసలు ‘ఒరిజినల్’ అని మీతో ఎవరన్నారు?

ఆ పుస్తకం తోలు బైండింగులో పుట్టలేదు. 1846 నుంచి 1848 దాకా నెలనెలా పల్చటి కాగితపు అట్టలతో భాగాలుగా వెలువడింది. మన వారపత్రికల్లో సీరియల్ వచ్చినట్టే. చందాదారులు భాగాలన్నీ దాచుకుని, పూర్తయ్యాక ఎవరి స్తోమతును బట్టి వారు బైండు చేయించుకున్నారు. ప్రచురణకర్తలే అమ్మిన గుడ్డ అట్టలో కొందరు, తోలులో కొందరు. ఇక అమ్మకందారులు ‘అందమైన పూర్తి తోలు’ అని ఊరించే ప్రతుల్లో చాలామటుకు ఆ తర్వాత యాభై అరవై ఏళ్లకు రివియర్, జేన్స్‌డార్ఫ్ లాంటి బైండర్ల చేత మళ్లీ కట్టించినవి. అట్ట లోపలి అంచున చీమంత అక్షరాల్లో బైండరు పేరు ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. మంచి బైండర్లయితే పాత గుడ్డ అట్టను కూడా పుస్తకం చివర కలిపి కుట్టేవారు.

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఈ పుస్తకంలో తోలు ఒంటి మీది చొక్కా మాత్రమే. ప్రాణం బొమ్మల్లో ఉంది. రెండు సంపుటాల్లో కలిపి 20 ఎచింగులు, అంటే లోహపు రేకు మీద గీసి అచ్చు తీసిన బొమ్మలు, ఉండాలి, సంపుటానికి పది. ఒక్కొక్కటీ చేత్తో రంగులు వేసినది. అక్షరాల మధ్య వచ్చే చెక్క అచ్చుబొమ్మలు రెండు వందలకు పైనే. ఎచింగులు వేరే కాగితం మీద అచ్చయి, మధ్యలో చేర్చినవి. కాబట్టి వాటిని తీసేయడం సులభం, చాలామంది తీసేశారు కూడా. ముందు లెక్కపెట్టండి. తోలు సంగతి తర్వాత.

ప్లీడరు వీధి
థేమ్స్ గారూ, ‘చొక్కా మాత్రమే’ అన్న మాట నేను ఒప్పుకోను.

మా తాతగారు కాకినాడలో ప్లీడరు. ఆయన బీరువాలో లా రిపోర్టుల మధ్య ఇదే ఎ బెకెట్ రాసిన ‘కామిక్ బ్లాక్‌స్టోన్’ ఉండేది. 1846లో వచ్చిన పుస్తకం, జార్జ్ క్రూక్‌షాంక్ బొమ్మలు. చట్టాన్ని నవ్వులతో చెప్పిన పుస్తకం ప్లీడరు ఇంట్లో ఎందుకని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. ఎ బెకెట్ కూడా బారిస్టరేననీ, 1849లో లండన్‌లో పోలీసు మేజిస్ట్రేటు అయ్యాడనీ తర్వాత తెలిసింది. తన బల్ల మీది చట్టాన్నే నవ్వుతూ రాసుకున్నాడన్నమాట.

ఆ పుస్తకం వెన్ను మీద తాతగారి బొటనవేలు ఆనే చోట తోలు నున్నగా అరిగి అద్దంలా మెరిసేది. ఆయన పోయాక ఆ మెరుపు మీద నేను వేలు పెట్టి చూసుకునేవాణ్ని. కొత్త తోలు వేస్తే ఆ గుంట ఎక్కడికి పోతుంది? రెండో యజమాని కట్టించినా, మూడో యజమాని కట్టించినా అది ఎవరో ఇష్టపడి, డబ్బు పెట్టి చేయించుకున్నదే. దాన్నీ పుస్తకంలో భాగంగానే చూడాలి.

థేమ్స్ ఒడ్డున
ప్లీడరు వీధి గారూ, బొటనవేలి గుంట దగ్గర నేను ఓడిపోయాను. కానీ బొమ్మలు లెక్కపెట్టమన్న మాట మీద మాత్రం నిలబడతాను.

రేకుపెట్టె
చేతిరంగో అచ్చురంగో ఎలా తెలుస్తుంది? నా దగ్గర ‘కామిక్ హిస్టరీ ఆఫ్ రోమ్’ ఉంది, సంవత్సరం ఎక్కడా వేయలేదు. అమ్మినవారు మొదటి ముద్రణ అన్నారు.

థేమ్స్ ఒడ్డున
రోమ్ మీద సంవత్సరం ఉండదు, ఆ పుస్తకం తీరే అంత. అది 1851-52లో భాగాలుగా వచ్చింది, పది రంగుల ఎచింగులు. ప్రచురణకర్త పేరు చూడండి. బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్ అని ఉంటే ముందుది కావచ్చు. బ్రాడ్‌బరీ, ఆగ్న్యూ అని ఉంటే 1872 తర్వాతిది, అందులో సందేహం లేదు. ఇంగ్లండ్ సంపుటాల మీద అయితే మొదటి ముద్రణకు 1847, 1848 అని స్పష్టంగా ఉంటుంది.

రంగుకు భూతద్దమే గురువు. చుక్కచుక్కలుగా కనిపిస్తే అచ్చురంగు. చేతిరంగయితే గీత దాటి కాస్త బయటికి పారుతుంది, ఒకచోట చిక్కగా ఒకచోట పల్చగా ఉంటుంది. ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో అచ్చం ఒకేలా ఉండదు. నా దగ్గరున్న ఒక ప్రతిలో సైనికుడి కోటు ఎరుపు చేతివేలి దాకా జారింది. ఆ రంగు వేసినవారు ఎవరో మనకు తెలియదు. అటువంటి వందల బొమ్మలకు రోజంతా ఒకే ఎరుపు పూస్తూ కూర్చున్న మనిషి చెయ్యి ఒక్క క్షణం వణికింది. ఆ జారిన ఎరుపు చూసే నేను ఆ ప్రతి కొన్నాను.

రేకుపెట్టె
ఆగ్న్యూ అని ఉంది. సరే. బొమ్మలు మాత్రం నాకు ప్రాణం. రోమన్లకు విక్టోరియా కాలపు పొడుగు టోపీలు పెట్టాడు లీచ్, టోగా మీద! ఎన్నిసార్లు చూసినా నవ్వు ఆగదు.

కోఠి సందు
అడగకూడనిది అడుగుతున్నానేమో. ఈ పుస్తకాలు రెండూ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల సైటులో ఉచితంగా ఉన్నాయి, బొమ్మలతో సహా. చదవడానికే అయితే ఇంత ఖర్చు, ఇంత బెంగ ఎందుకు? నేను ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద కొనుక్కున్న పుస్తకాలు ఎన్నో ఉన్నాయి, ఏ ఒక్కదానికీ నిద్ర పోగొట్టుకోలేదు.

నీలిసిరా
కోఠి సందు గారూ, న్యాయమైన ప్రశ్నే. నేను మొదట తెర మీదే చదివాను. చదివాకే కొనాలనిపించింది. తెర మీద ఆ బొమ్మ అరచేయంత. కాగితం మీద చూస్తే గీత కాస్త ఉబ్బి చేతికి తగులుతుంది, రాగి నాణెం అంచు మీద వేలు పెట్టినట్టు. ఆ గీతను లీచ్ లోహపు రేకు మీద గీశాడన్న సంగతి అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

వేపాకు
అసలు పుస్తకం బాగుంటుందా? హాస్యం ఇప్పటికీ పండుతుందా?

ప్లీడరు వీధి
సగం పండుతుంది. ఎ బెకెట్ శ్లేషకు బానిస. వాక్యానికి ఒక శ్లేష లేనిదే ముందుకు కదలడు. మన చాటువుల్లో శ్లేషను ఇంగ్లీషులోకి మార్చలేనట్టే, ఆయన శ్లేషను తెలుగులోకి మార్చలేం. అవధానంలో అప్రస్తుత ప్రసంగం విన్నవారికి ఆ రుచి తెలుస్తుంది. ఒకటి రెండు అధ్యాయాలు ఒకేసారి చదవండి, ఎక్కువైతే వెగటు పుడుతుంది. ఐరిష్‌వారి మీద, పరదేశుల మీద కొన్ని ఎత్తిపొడుపులు ఇప్పుడు చదివితే బాధ కలుగుతుంది. అదీ ఆ కాలపు మాటే, దాచనక్కర్లేదు.

పుట పదమూడు
ఈ పుస్తకం వస్తున్న రోజుల్లోనే దీన్ని అసహ్యించుకున్నవాళ్లున్నారు. డగ్లస్ జెరాల్డ్, ఆయనా పంచ్ అనే హాస్య పత్రిక రచయితే, ఎ బెకెట్‌తో కలిసి పనిచేసినవాడే. డికెన్స్‌కు రాసిన ఉత్తరంలో దీని మీద మండిపడ్డాడు. జీవితంలో గంభీరమైనది ఏదో ఒకటి మిగలాలి కదా, ఇలా పోతే రేపు క్రీస్తు కొండమీద చేసిన ప్రసంగానికీ ఒక హాస్య రూపం రాస్తారు అన్నాడు. రాజు తల తీయించిన సర్ థామస్ మోర్ అంతకుముందు లండన్ టవర్‌లో ఖైదుగా ఉండటంలో హాస్యం ఏముందని అడిగాడు.

నాకు జెరాల్డ్ మాటలో న్యాయం కనిపిస్తుంది. తల తెగిన మనిషి మీద శ్లేష వేయడం నాకు నచ్చదు. అయినా ఈ పుస్తకాలను వదులుకోలేను. రాజు అనగానే చేతులు కట్టుకు నిలబడే చరిత్ర పుస్తకాలే బడిలో చదివాను. రాజుల మీద నవ్వవచ్చని నాకు మొదట చెప్పింది లీచ్ బొమ్మలే.

ప్లీడరు వీధి
తెనాలి రామకృష్ణుడి కథలు విని పెరిగినవాళ్లం, రాయల మీదే నవ్వినవాళ్లం. మనకు అది కొత్తేమీ కాదు కదా.

పుట పదమూడు
రామకృష్ణుడి కథలో రాజు కూడా చివరికి నవ్వి బహుమానం ఇస్తాడు. ఇక్కడ రాజు చచ్చి ఆరు వందల ఏళ్లు, నవ్వడానికి లేడు. తేడా ఉంది.

డల్లాస్ ఎండ
అమెరికా వైపు హాస్యరచయిత బిల్ నై రాసిన ‘హిస్టరీ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ చూడండి, 1894, ఓపర్ బొమ్మలు. మామూలుగా గుడ్డ అట్ట, తోలు బాధ లేదు. మా ఊళ్లో ఒక ఇంటి సామాను అమ్మకంలో దొరికింది, వంటపుస్తకాల మధ్య.

వేపాకు
గుడ్డ అట్ట అంటే గుర్తొచ్చింది. ఆకుపచ్చ గుడ్డ అట్టల్లో విషం ఉంటుందని విన్నాను, నిజమా?

థేమ్స్ ఒడ్డున
నిజమే. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో కొన్ని గుడ్డ అట్టలకు ఎమరాల్డ్ గ్రీన్ అనే ఆర్సెనిక్ రంగు వేశారు. అమెరికాలో వింటర్‌థర్ మ్యూజియం 2019 నుంచి అలాంటి పుస్తకాలను వెతికి పట్టుకుంటోంది. మెరిసే ఆకుపచ్చ, చిలకపచ్చ గుడ్డ కనిపిస్తే ఒట్టి చేతులతో పట్టుకోకండి, సంచిలో విడిగా పెట్టండి. పిల్లలకు ఇవ్వకండి. ఆకుపచ్చ తోలు వేరు సంగతి.

బైండరుగారి మనవడు
మన దగ్గర విషం ఇంకో దారిలో వస్తుంది. పురుగు పట్టకుండా బంకలో మైలుతుత్తం కలపడం మన బైండర్ల అలవాటు. పురుగు రాదు నిజమే, కానీ ఆ రాగి ఉప్పు కాగితాన్ని లోలోపల తినేస్తుంది. పాత పుస్తకం ఏ బైండరుకు ఇచ్చినా ముందు ఈ మాట అడగండి.

రేకుపెట్టె
కోస్తాలో ఉండేవారికి అసలు శత్రువు తేమ. మాది బందరు. వానాకాలంలో గోడకు ఆనించిన బీరువాలో తోలు అట్టల మీద వారంలో బూజు పట్టింది. తేమ 65 శాతం దాటనివ్వకూడదని తర్వాత తెలుసుకున్నాను. ఇప్పుడు చిన్న తేమ కొలిచే పరికరం కొని లోపల పెట్టాను, బీరువాను గోడకు జానెడు దూరం జరిపాను. ఆ జానెడుతోనే సగం బాధ పోయింది.

నీలిసిరా
లెక్కపెట్టాను.

రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద తెల్లటి దుప్పటి పరిచి, మా అమ్మాయి పక్కన కూర్చుని జాబితా చదువుతుంటే నేను పుటలు తిప్పాను. మొదటి సంపుటంలో పదికి పది ఉన్నాయి. విలియం ది కాంకరర్ దండయాత్రకు ముందు వాలంటీర్లను తనిఖీ చేసే బొమ్మ దగ్గర తను పొట్ట పట్టుకుని నవ్వింది. రిచర్డు, సలాదీన్ల పోరు బొమ్మను రెండుసార్లు చూపించమంది.

రెండో సంపుటంలో తొమ్మిదే ఉన్నాయి. పార్లమెంటును పేల్చబోయిన గైడో ఫాక్స్‌ను సఫోక్, మౌంటీగిల్ కలిసి కనిపెట్టే బొమ్మ లేదు. జాబితాలో ఉంది, పుస్తకంలో లేదు. అది ఉండవలసిన చోట కుట్టు దగ్గర పావంగుళం వెడల్పున కాగితపు చీలిక మిగిలి ఉంది. అంచు నున్నగా ఉంది, చిరిగినది కాదు. ఎవరో బ్లేడుతో కోశారు. అమ్మినవారి వివరణలో దీని ఊసే లేదు.

తోలు గురించి ఇన్ని రోజులు బెంగపడ్డాను. ఇప్పుడు ఆ చీలిక దగ్గరే కళ్లు ఆగిపోతున్నాయి.

కోఠి సందు
అయ్యో. ఉచితంగా చదువుకోమన్నవాణ్ని నేనే, అయినా ఇది విన్నాక మనసు పాడైంది.

పుట పదమూడు
పార్లమెంటు కింద 36 పీపాల మందుగుండుతో దొరికినవాడు, చివరికి పుస్తకంలోంచే మాయమయ్యాడు. ఎవరి గోడ మీదో ఫ్రేములో ఉండి ఉంటాడు. అతను దొరికిన నవంబరు 5న దీపం పెట్టి చూసుకునే ఇల్లు ఏదో.

ప్లీడరు వీధి
అమ్మినవారికి ఫొటోతో సహా ఉత్తరం రాయండి. పూర్తి ప్రతి అని అమ్మితే, లోపం ఉన్నప్పుడు తిరిగి తీసుకోవడం ఈ వ్యాపారంలో మర్యాద. ప్లీడరు మనవడిగా చెబుతున్నాను, మర్యాదగా రాయండి, తేదీ వేసి రాయండి.

నీలిసిరా
రాశాను. తిరిగి తీసుకుంటామన్నారు, లేదా ధరలో కొంత వెనక్కి ఇస్తామన్నారు. ఆలోచించాను. పంపేయడానికి మనసు ఒప్పలేదు. మా అమ్మాయి అప్పటికే విలియం బొమ్మకు తెలుగులో పేరు పెట్టేసింది. కొంత డబ్బు వెనక్కి తీసుకున్నాను.

తోలు సంగతి కూడా తేల్చుకున్నాను. తీయడం లేదు. మనవడు గారు చెప్పినట్టు మూల మీద గోరంత పూసి చూశాను, రంగు మారలేదు. నిన్న రెండు సంపుటాలకూ పూర్తిగా పూశాను. ఈ రోజు తెల్ల రుమాలుతో వెన్ను నిమిరి చూస్తే రుమాలు తెల్లగానే ఉంది. మా బైండరు దగ్గరికే మళ్లీ వెళ్లి, ఆమ్లం లేని అట్టతో రెండు సంపుటాలకూ పెట్టె చేయమన్నాను. ముందు తెల్లబోయాడు. కొలతలు తీసుకునేటప్పుడు మాత్రం పుస్తకాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. విడిపోతున్న అట్టను ప్రస్తుతానికి మెత్తటి నూలు నాడాతో కట్టి ఉంచాను.

బైండరుగారి మనవడు
నాడా ముడి ముందు అంచు వైపు వేయండి, వెన్ను మీద వేయకండి. ముడి ఒత్తిడికి అక్కడ తోలు పగులుతుంది. మీ బైండరుకు నా నమస్కారం చెప్పండి.

థేమ్స్ ఒడ్డున
విడి బొమ్మలు అమ్మే అంగళ్లు ఇక్కడ ఉన్నాయి. పుస్తకాలు విప్పి బొమ్మలు అమ్ముకునేవాళ్ల మీద నాకు కోపమే, కానీ మీ పని వాళ్ల దగ్గరే అవుతుంది. శనివారం వెళ్తాను. మిగిలిన చీలిక వెడల్పు, పుట ఎత్తు మిల్లీమీటర్లలో కొలిచి పంపండి. మీ పక్క బొమ్మల కాగితం రంగు కూడా పగటి వెలుతురులో ఒక ఫొటో తీయండి. గైడో దొరికితే కాగితం సరిపోతుందో లేదో చూసే కొంటాను.

నీలిసిరా
పుట ఎత్తు కొలవడానికి స్కేలు తీసుకొస్తోంది అమ్మాయి. పది నిమిషాల్లో పంపుతాను.